మొదటి ఆర్‌సీ విమానం: బాల్సా కిట్ కొనాలా, ఫోమ్‌తో కట్టాలా? (కాజీపేట)

కాజీపేట_ఫిట్టర్ · ఏప్రిల్ 9, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. ఇక్కడ కొత్త. రైల్వేలో ఫిట్టర్‌ని, ఉండేది కాజీపేటలో. మా పాప తొమ్మిదో తరగతి పరీక్షలు రాసింది, ఇక సెలవులే. ఆ మధ్య వరంగల్ నిట్‌లో టెక్నోజియాన్ అనే టెక్నికల్ ఫెస్ట్ జరిగినప్పుడు తీసుకెళ్తే, ఒక పిల్లవాడు రిమోట్ విమానం ఎగరేయడం చూసింది. అప్పటి నుంచి ఒకటే మాట: "నాన్నా, కొనుక్కొచ్చింది వద్దు, మనమే కడదాం, కట్టెతోనే కడదాం."

ఫైలు పట్టడం, టంకం పెట్టడం, కొలత తప్పకుండా కోయడం నాకు చేతనైన పనులు. విమానం సంగతి మాత్రం సున్నా. బడ్జెట్ రిమోట్‌తో కలిపి 15 వేలు. ఆన్‌లైన్‌లో మూడు చూశాం. ఒకటి మీటరు రెక్కల స్పిట్‌ఫైర్ బాల్సా కిట్, అంటే తేలికైన బాల్సా కట్టె ముక్కలు అతికించి కట్టే పాత యుద్ధవిమానం నమూనా. పాపకు ఇదే నచ్చింది. రెండోది సిగ్ కాడెట్ ఎల్‌టీ-40 ట్రైనర్, ఎగరేయడం నేర్చుకునేవాళ్ల కోసం చేసింది. మూడోది రెడీమేడ్ ఫోమ్ విమానం, అతికించడానికి కూడా ఏమీ ఉండదట. ఏది తీసుకోమంటారు?

గరుడ_హన్మకొండ · ఏప్రిల్ 9, రాత్రి 10:05

వెల్‌కమ్ అన్నా. ముందు ఒక్కటే చెప్తా, స్పిట్‌ఫైర్ వద్దు. నేను బీటెక్ రెండో సంవత్సరంలో మొదటి విమానంగా మస్టాంగ్ బాల్సా కిట్ కట్టాను, అదీ యుద్ధవిమానం నమూనాయే. కింద రెక్క, సన్నటి తోక, చూస్తే కళ్లు తిప్పుకోలేం. కట్టడానికి నాలుగు వారాలు పట్టింది. గాల్లో ఉన్నది పదకొండు సెకన్లు. కుడికి వాలింది, నేను ఎడమకు తిప్పుతూ ఎలివేటర్ (ముక్కును పైకి లేపే తోక పలక) లాగాను, వేగం చచ్చి ముక్కు మీద పడింది. ముక్కలు ఏరుకుంటుంటే ఏడుపొచ్చింది. మళ్లీ రిమోట్ ముట్టుకోవడానికి ఏడాది పట్టింది. నాకు అదే పెద్ద నష్టం అనిపిస్తుంది, డబ్బు కాదు.

మొదటిదానికి పై రెక్క ఉండాలి, అంటే రెక్కను విమానం ఒంటి పైభాగాన బిగించాలి. రెక్కలు రెండు వైపులా కొద్దిగా పైకి లేచి, ఇంగ్లిషు వి అక్షరం విప్పినట్టు ఉండాలి. దాన్ని డైహెడ్రల్ అంటారు. వాలిన విమానం చేతులు వదిలేస్తే దానంతట అదే సర్దుకునేది దీనివల్లే. 120 సెంటీమీటర్ల ఫోమ్ ట్రైనర్ కట్టండి. ఫ్లైట్ టెస్ట్ (Flite Test) అనే యూట్యూబ్ ఛానల్ వాళ్ల ప్లాన్లు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసి షీట్ మీద పరిచి కోసుకోవడమే.

పాత_కేడెట్ · ఏప్రిల్ 10, ఉదయం 5:50

బాబూ, మీ అమ్మాయి కట్టెతో కడదాం అన్నది చూశావా? ఆ మాటను తేలిగ్గా తీసుకోకు.

నేను ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో ఉన్నప్పుడు మాకు రేడియో లేదు, కంట్రోల్ లైన్ ఉండేది. రెండు సన్నటి తీగలు, వాటి చివర విమానం, మధ్యలో నిలబడి మనం గిరగిరా తిరగాలి. కలకత్తా అరోరా డీజిల్ ఇంజిన్, ఈథరు, కిరోసిన్, ఆముదం కలిపిన ఇంధనం. ఆ వాసన చొక్కాకు రెండు రోజులు పోయేది కాదు. అప్పట్లో బాల్సా షీటు చేతికి వస్తే ముందు గోరుతో నొక్కి చూసేవాళ్లం. మెత్తగా దిగితే రిబ్బులకు (రెక్కకు ఆకారమిచ్చే పలుచని అడ్డ ముక్కలు), గట్టిగా ఉంటే స్పార్‌కు (రెక్క పొడవునా వెన్నెముకలా ఉండే బద్ద). ఎక్కడ బరువు పెట్టాలో, ఎక్కడ తీసేయాలో కట్టె నేర్పుతుంది. షీటు కోసి గన్ గ్లూ రాస్తే అది తెలియదు.

స్పిట్‌ఫైర్ వద్దన్న మాట నిజమే. కానీ బాల్సా ట్రైనర్ కిట్ ఎందుకు వద్దు? లేజర్‌తో కోసిన కిట్లు ఇప్పుడు మన దేశంలోనే దొరుకుతున్నాయి.

మానేరు_గాలి · ఏప్రిల్ 10, మధ్యాహ్నం 1:15

కరీంనగర్ నుంచి. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను, ఆరేళ్లుగా కట్టి ఎగరేస్తున్నాను. ఫిట్టర్ అన్నా, మీరు కొలతల మనిషి కాబట్టి లెక్కతో చెప్తాను.

రెక్క ఒక్కో చదరపు డెసిమీటరు ఎన్ని గ్రాములు మోయాలో చూడండి. 120 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల వెడల్పు రెక్క అంటే 24 చదరపు డెసిమీటర్లు. విమానం మొత్తం 800 గ్రాములైతే 33 వస్తుంది. మీరు చూసిన స్పిట్‌ఫైర్‌కు రెక్క కొసలు సన్నబడతాయి, వైశాల్యం 17 దాకా ఉంటుందనుకుందాం. బరువు 1100 గ్రాములు అనుకుంటే దాదాపు 65. మన ఎండాకాలం గాలి సాంద్రత పెట్టి లెక్కేస్తే ట్రైనర్ గంటకు 26 కిలోమీటర్ల దాకా నెమ్మదించినా గాల్లో నిలబడుతుంది. స్పిట్‌ఫైర్ 36 దగ్గరే కింద పడిపోతుంది. ఆ పది కిలోమీటర్ల తేడాయే కొత్త చేతికి ఆలోచించుకునే సమయం.

కాడెట్ ఎల్‌టీ-40 మంచి డిజైన్, దానిమీద నాకు గౌరవం. కానీ దాని రెక్క 70 అంగుళాలు, పూర్తయితే రెండున్నర కిలోల చుట్టూ తూగుతుంది. 40 సైజు గ్లో ఇంజిన్ కోసం గీసింది, అంటే ఇంధనంతో నడిచే చిన్న ఇంజిన్. కరెంటు మోటార్‌కు మారిస్తే పెద్ద బ్యాటరీలు కావాలి, మీ 15 వేలు అక్కడే అయిపోతాయి. బైక్ మీద తీసుకెళ్లలేరు కూడా.

గోదావరిఖని_22 · ఏప్రిల్ 10, సాయంత్రం 6:40

గ్లో ఇంజిన్ పెడితే ఆ సౌండే వేరు కదా, కొత్తవాళ్లు పెట్టకూడదా?

పాత_కేడెట్ · ఏప్రిల్ 10, సాయంత్రం 7:10

సౌండు కోసం నేనూ పడిచస్తాను తమ్మీ. కానీ గ్లో ఇంధనం మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిపినది. మన దగ్గర అంగట్లో దొరకదు, తెప్పించుకుని దాచుకోవడం ఒక పని. ఇంజిన్‌కు ఇంధనం ఎంత వెళ్లాలో చూసే నీడిల్ సరిచేయడం నేర్చుకోవాలి, ఎగిరాక విమానమంతా జిడ్డు తుడవాలి. తండ్రీకూతుళ్లు సెలవుల్లో నేర్చుకోవాలంటే కరెంటు మోటారే దారి.

పసుపుమడి_జగిత్యాల · ఏప్రిల్ 10, రాత్రి 9:30

అందరూ విమానం గురించే చెప్తున్నారు. ఎక్కడ ఎగరేస్తావన్నా? కిట్ ఎంచుకోవడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

మా దగ్గర యాసంగి వరి కోతలు అయ్యాక మళ్లీ వానలు పడేదాకా పొలాలన్నీ ఖాళీ. మైదానం కంటే అవే నయం. కానీ కింద వరి కొయ్యకాళ్లు ఉంటాయి. చక్రాల మీద దిగితే ముందు చక్రం ఇరుక్కుని విమానం బోర్లా పడుతుంది. అందుకే నేను చక్రాలు పెట్టను. చేత్తో విసిరి వదులుతా, పొట్ట మీద దించుతా. పొట్టకు కింద పారదర్శక టేపు రెండు వరసలు వేస్తా. చక్రాలు లేకపోతే బరువూ తగ్గుతుంది.

పొలం మీదుగా బోరు మోటార్ల కరెంటు తీగలు పోతాయి, అవి ఎటు ఉన్నాయో చూసుకుని వాటికి వీపు పెట్టి నిలబడాలి. ఒడ్డున తాటిచెట్లు ఉన్న చోటు వద్దే వద్దు. నా రెండో విమానం తాటి మట్టల్లో నాలుగు రోజులు ఉంది. గీత కార్మికుడు ఎక్కి దించిపెట్టాడు, డబ్బులిస్తే తీసుకోలేదు.

ఇంకోటి. రైతును అడగకుండా దిగొద్దు. అడిగితే ఎవరూ కాదనరు, పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు.

కాజీపేట_ఫిట్టర్ · ఏప్రిల్ 11, రాత్రి 8:45

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మానేరు_గాలి మేడం గారి లెక్క పాపతోనే చేయించాను. 33, 65 పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూసింది. స్పిట్‌ఫైర్ బొమ్మ గోడకు అంటించుకుంటానంది, కట్టేది ట్రైనరే అని ఒప్పుకుంది. కట్టె మాత్రం వదలడం లేదు.

మామునూరు మాకు దగ్గరే. పాత రన్‌వే ఖాళీగానే ఉంటుంది కదా, అక్కడ ఎగరేయొచ్చా?

మానేరు_గాలి · ఏప్రిల్ 11, రాత్రి 9:20

వద్దు, అస్సలు వద్దు. నిజాం కాలంలో కట్టిన ఎయిర్‌పోర్టు అది, 1981లో ఆగిపోయింది నిజమే. కానీ 2025లో కొత్త ఎయిర్‌పోర్టుకు కేంద్రం అనుమతి ఇచ్చింది. ఖాళీగా కనిపించినంత మాత్రాన మనది కాదు. ఎక్కడికి వెళ్లినా ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో చూడండి.

2021 డ్రోన్ నిబంధనల్లో మనలాంటి వాళ్ల కోసం మోడల్ విమానాల మాట విడిగా ఉంది. చదువుకో, సరదాకో ఎగరేసేవి, కంటికి ఆనేంత దూరంలోనే ఉండేవి. గ్రీన్ జోన్‌లో కూడా 400 అడుగులు దాటకూడదు. వ్యాపారానికి కాకుండా వాడే 2 కిలోల లోపు వాటికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కాడెట్ ఎల్‌టీ-40 వద్దనడానికి నాకు ఇదొక కారణం కూడా.

రెడీమేడ్ విదేశీ విమానం సంగతి కూడా విక్రేతను అడిగి మరీ డబ్బు కట్టండి. పూర్తిగా తయారై వచ్చే విదేశీ డ్రోన్ల దిగుమతిపై 2022 ఫిబ్రవరి నుంచి నిషేధం ఉంది. విడిభాగాలకు లేదు. మనం కట్టుకునేవాళ్లం కాబట్టి మనకు ఇబ్బంది లేదు.

గరుడ_హన్మకొండ · ఏప్రిల్ 11, రాత్రి 11:00

అన్నా, కేడెట్ సార్‌తో ఫోన్లో గంట మాట్లాడాను. మా ఇద్దరికీ కుదిరిన మాట చెప్తున్నా.

ముందు రిమోట్, మోటార్, సర్వోలు (రెక్క, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) కొనండి. మోటార్‌ను చిన్న ప్లైవుడ్ పెట్టెకు బిగించండి, నాలుగు స్క్రూలు విప్పితే మొత్తం బయటికి రావాలి. దాన్ని మొదట ఫోమ్ ట్రైనర్‌లో పెట్టండి. చేయి కుదిరాక అదే పెట్టె, అవే సర్వోలు బాల్సా ట్రైనర్‌లోకి వెళ్తాయి. బాల్సా కిట్ కొనేముందు మోటార్ పట్టే చోటు కొలత, రెక్క వైశాల్యం ఈ సామాను బరువుకు సరిపోతాయా చూసుకోండి. 120 నుంచి 130 సెంటీమీటర్ల మధ్య తీసుకుంటే చాలు.

సామాను ఇది. రిమోట్ ఫ్లైస్కై ఐ6, దాంతో వచ్చే ఆరు ఛానళ్ల రిసీవర్. 2212 మోటార్ 1000 కేవీది (అంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి 1000 చుట్లు), 30 ఆంపియర్ల ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసేది), 10×4.5 అంగుళాల ప్రొపెల్లర్. దీనికి 800 గ్రాముల దాకా లాగే బలం ఉంటుంది, 800 గ్రాముల ట్రైనర్‌కు కావలసిన దానికంటే ఎక్కువే. 9 గ్రాముల సర్వోలు నాలుగు, కుదిరితే మెటల్ గేర్లవి. 3ఎస్ (మూడు సెల్‌ల) 2200 ఎంఏహెచ్ లైపో బ్యాటరీలు రెండు. ఛార్జర్ మాత్రం సెల్‌లన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ తీసుకోండి. నేను కొన్న ధరలకు ఇదంతా పదకొండు, పన్నెండు వేలల్లో అయింది. ఫోమ్, గ్లూ పోను బాల్సా కిట్‌కు ఇంకొంచెం పడుతుంది, దాన్ని వచ్చే నెల జీతంలో చూసుకోండి.

ఫోమ్ షీట్ దగ్గర జాగ్రత్త. చౌరస్తా ఫ్లెక్స్ షాపుల్లో సన్‌బోర్డ్ ఇస్తారు, అది బరువు. ఎన్నికల బోర్డులకు వాడే సన్‌ప్యాక్ షీట్ దొరుకుతుంది. గట్టిదే, పడ్డా పగలదు, కానీ దాంతో కడితే బరువు పెరిగిపోతుంది. డెప్రాన్ అనే తేలికపాటి ఫోమ్ షీట్ 5 మిల్లీమీటర్లది తెప్పించుకోండి. రెక్క మధ్యలో వెదురు బద్ద అతికించండి, పతంగికి పెట్టినట్టు. గన్ గ్లూ ఒక్కటే నమ్ముకోవద్దు. మే నెలలో కారులో పెట్టి వదిలేస్తే అది మెత్తబడి రెక్క ఊడొస్తుంది. మోటార్ దగ్గర అరాల్డైట్ వాడండి.

పాత_కేడెట్ · ఏప్రిల్ 12, ఉదయం 6:05

నేను ఒప్పుకున్న కారణం చెప్పాలి. కట్టె విమానం పడితే రిబ్బు చేసి, అతికించి, పైన ఇస్త్రీతో అంటించే ప్లాస్టిక్ ఫిల్మ్ మళ్లీ వేయాలి. రెండు మూడు సాయంత్రాలు పోతాయి. నేర్చుకునే పిల్ల వారానికి మూడుసార్లు పడేస్తుంది, పడేయాలి కూడా. ఫోమ్‌ది రాత్రి అతికిస్తే తెల్లారి ఎగురుతుంది. మీ ఊళ్లో, మీ ఇంట్లో ఉన్న వస్తువుతో తెల్లారేసరికి బాగుచేసుకోగలిగేదే మొదటి కిట్. ఈ మాట దగ్గర గరుడ నన్ను గెలిచాడు.

మానేరు_గాలి · ఏప్రిల్ 12, ఉదయం 10:30

రెక్కను బోల్టులతో కాకుండా రబ్బరు బ్యాండ్లతో కట్టండి. పడినప్పుడు రెక్క జారి పక్కకు పోతుంది, విరగదు. బ్యాలెన్స్ పాయింట్ రెక్క ముందంచు నుంచి 25 నుంచి 30 శాతం మధ్య, అంటే మీ 20 సెంటీమీటర్ల రెక్కకు 5 నుంచి 6 సెంటీమీటర్ల దగ్గర. రెండు చూపుడు వేళ్ల మీద అక్కడ నిలబెడితే ముక్కు కొద్దిగా కిందికి వాలాలి. తోక కిందికి వాలితే ఎగరేయకండి, బ్యాటరీ ముందుకు జరపండి.

పాప చేతికి రిమోట్ ఇచ్చే ముందు పికాసిమ్ అనే ఉచిత సిమ్యులేటర్ పెట్టండి, ఐ6కు కేబుల్ దొరుకుతుంది. పది గంటలు. విమానం మన వైపు వస్తున్నప్పుడు కుడిఎడమలు తారుమారు అవుతాయి, అది చేతికి అలవాటు కావాలి.

పసుపుమడి_జగిత్యాల · ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2:00

ఇంట్లో మోటార్ పరీక్షించేటప్పుడు ప్రొపెల్లర్ తీసేయాలి. ప్రతిసారీ. నా ఎడమచేతి బొటనవేలికి ఐదు కుట్లు పడ్డాయి. థ్రాటిల్ కింద ఉందనుకున్నా, లేదు.

లైపోను స్కూటర్ డిక్కీలో ఎండలో వదలొద్దు. నాది మే నెలలో పూరీలా ఉబ్బింది. ఛార్జింగ్ పెట్టి బయటికి పోవద్దు. నేను బండల మీద, ఇసుక పోసిన మట్టికుండలో పెట్టి ఛార్జ్ చేస్తా. వారం రోజులు వాడకపోతే ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఆపి దాచాలి.

గోదావరిఖని_22 · ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2:25

ఆ కుండ ఐడియా నేనూ మొదలుపెడుతున్నా.

కాజీపేట_ఫిట్టర్ · మే 4, రాత్రి 10:15

ఆలస్యమైంది, క్షమించండి. సామాను వచ్చింది, ఫోమ్ ట్రైనర్ పదకొండు రోజుల్లో అయింది. తూకం 770 గ్రాములు. రబ్బరు బ్యాండ్లు, వెదురు బద్ద, ప్లైవుడ్ పెట్టె, అన్నీ మీరు చెప్పినట్టే. ఫెయిల్‌సేఫ్ పెట్టి, రిమోట్ ఆపితే మోటార్ ఆగుతుందో లేదో ఇంట్లోనే చూసుకున్నాం, ప్రొపెల్లర్ తీసేసి.

మొన్న ఆదివారం ధర్మసాగర్ వైపు కోసిన మడిలో ఎగరేశాం. మ్యాప్ చూసుకున్నాం, రైతును ముందురోజే అడిగాను. గరుడ తమ్ముడు తన ఐ6 తెచ్చి, రెండు రిమోట్లకు ట్రైనర్ కేబుల్ కలిపాడు. ఆరుంపావుకు గాలి లేదు. నేను విసిరాను, తమ్ముడు పైకి తీసుకెళ్లి, స్విచ్ వేసి కంట్రోల్ పాపకు ఇచ్చాడు. బొటనవేళ్లు వణుకుతున్నాయి, కానీ విమానం మడి చుట్టూ రెండు రౌండ్లు తిరిగింది. ఎండ ఇంకా ఎర్రగా ఉంది, రెక్క అడుగున వెదురు బద్ద నీడగా కనిపించింది. నోట మాట రాలేదు నాకు.

మూడో ఫ్లైట్‌లో పడింది. పాప తిప్పుతూ ఎలివేటర్ ఎక్కువ లాగింది, కొయ్యకాళ్లలో ముక్కు గుచ్చుకుంది. రెక్క జారిపోయి క్షేమంగా ఉంది, ముక్కు దగ్గర ఫోమ్ నలిగింది. ఇంటికొచ్చి మధ్యాహ్నమే అరాల్డైట్ కలుపుకుని కూర్చుంది. నన్ను ముట్టుకోనివ్వలేదు. తెల్లారి మళ్లీ వెళ్లాం.

పాత_కేడెట్ · మే 5, ఉదయం 5:40

శుభం. అమ్మాయికి నా ఆశీస్సులు చెప్పు. బాల్సా కిట్ ఎప్పుడు?

కాజీపేట_ఫిట్టర్ · జూన్ 1, రాత్రి 9:50

సార్, వచ్చింది. 127 సెంటీమీటర్ల పై రెక్క ట్రైనర్, లేజర్ కట్. పెట్టె తెరవగానే పాప షీటు తీసి మీరు చెప్పినట్టు గోరుతో నొక్కి చూసింది. రెండు షీట్లు పక్కన పెట్టి "ఇవి రిబ్బులకు, ఇది స్పార్‌కు" అంది.

ప్లాన్ మీద ప్లాస్టిక్ కవర్ పరిచి, ప్లైవుడ్ బల్లకు గుండుసూదులతో రిబ్బులు నిలబెట్టాం. ఎడమ రెక్క అయింది. ముందంచును ఉప్పుకాగితంతో గుండ్రంగా చేస్తోంది, పొడి టేబుల్ నిండా. అయితే ఒక సందేహం. రెక్కను బల్ల మీద పెడితే వెనక మూల 3 మిల్లీమీటర్లు లేస్తోంది. ఫెవికాల్ ఆరేటప్పుడు మెలిక పడినట్టుంది. ఫిల్మ్ వేశాక సరవుతుందా, ఇప్పుడే సరిచేయాలా?

పాత_కేడెట్ · జూన్ 2, ఉదయం 5:30

ఇప్పుడే సరిచేయాలి, ఫిల్మ్ మీద వదలొద్దు. వెనకంచు దగ్గర అతుకుల మీద తడి గుడ్డ పది నిమిషాలు పెట్టు, తెల్ల ఫెవికాల్ మెత్తబడుతుంది. తర్వాత ఆ మూల కింద ఏమీ లేకుండా బల్లకు చదునుగా సూదులు గుచ్చి, పైన పుస్తకాలు పెట్టి ఒక రాత్రంతా వదిలెయ్. కుడి రెక్క కట్టేటప్పుడు ఎండ పడే కిటికీ పక్కన పెట్టకు, ఒక వైపే ముందు ఆరితే మెలిక వస్తుంది. రెండు రెక్కలూ అతికాక మధ్యలో పట్టుకుని చూడు, ఏది తేలికైతే దాని కొసలో చిన్న మేకు దూర్చాలి.

ఫిల్మ్ వేసే రోజు చెప్పు, హన్మకొండ నుంచి నేనే వస్తాను. ఇంట్లో ఉన్న ఇస్త్రీ పెట్టె సరిపోతుంది, దాని అడుగు శుభ్రంగా తుడిచి ఉంచమను.

గరుడ_హన్మకొండ · జూన్ 2, ఉదయం 8:10

నేనూ వస్తా సార్. కట్టె రెక్కకు ఫిల్మ్ వేయడం నేను ఇంకా నేర్చుకోలేదు.